ఆరు బై నాలుగు

మిర్చి యార్డు గాలికి దగ్గే ఊరు మాది.
చిన్నప్పట్నించీ ఎవరి దగ్గునీ ఎవరూ పట్టించుకోలేదు.
ఆ వేసవిలో మాత్రం
అరండల్‌పేటలో ఎవరు దగ్గినా
వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

పూర్ణయ్యగారి షాపులో పదకొండేళ్ళు
పెళ్ళికార్డులు చేశాను.
పూర్ణకుంభాలు, అరటిబోదెలు,
బైబిలు మీద ఉంగరాలు, నెలవంక కింద బిస్మిల్లా,
అన్నీ ఒకే ఫోల్డర్లో సర్దుకుని ఉండేవి.
"మా పిన్ని పెళ్ళికి తప్పకుండా రండేం!" అని
మాటలు రాని పసివాళ్ళ పేరిట
కార్డు అడుగున రాసిందీ నేనే.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున్నే ఆయన అన్నారు:
"సువార్తా, పెళ్ళిళ్ళది మూసి కొత్తదొకటి తెరువు."
దానికేం పేరు పెట్టాలో ఇద్దరికీ తోచలేదు.
'న్యూ ఫోల్డర్' అనే ఉండిపోయింది,
ఇప్పటికీ.

పన్నెండింటికి కర్ఫ్యూ.
షట్టర్ సగం దించుకుని లోపల పని.
ఫొటోలు ఫోన్లోకే వచ్చేవి.
తిరుపతి గుండుతో ఒకాయన,
ఆధార్ కార్డులో బెదురు చూపుతో ఒకావిడ.
చాలామందికి విడిగా ఫొటో ఉండదు.
ఏ పెళ్ళిలోనో, ఎవరి పక్కనో నిలబడి నవ్వుతుంటారు.
ఆ పక్కవాళ్ళని చెరపడం నా పని.
చెవి అంచునించి మెడ, మెడనించి భుజం...
మణికట్టు వాచిపోయేది.
'జననం' అన్నచోట తేదీ ఎవరికీ తెలీక,
ఫోన్లో ఏడుపు ఆగేదాకా
కర్సర్ ఆర్పుతూ వెలిగిస్తూ నిలబడేది.

రోజుకి ముప్పై. ఒక్కోరోజు నలభై.
డబ్బు బాగా వచ్చింది.
రాయకూడని మాటే, రాస్తున్నాను.
ఆ నెలలోనే అమ్మకి ఫ్రిజ్ కొన్నాను.

మే పంతొమ్మిదిన పూర్ణయ్యగారిది చేశాను.
ఊళ్ళో అందరి మొహాలూ సరిచేసిన మనిషి ఫొటో
ఆ కంప్యూటర్లో ఒక్కటీ లేదు.
గోడ మీది లైసెన్సులో స్టాంపంత బొమ్మని
ఆరు బై నాలుగుకి సాగదీస్తే
మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది.
అలాగే ప్రింటు తీశాను.
'శ్రద్ధాంజలి'లో ఒత్తు మూడుసార్లు చూసుకున్నాను,
తప్పులు పట్టే మనిషి లేడు కదా.

పదమూడో రోజు దాటాక వాళ్ళావిడ తాళాలు తెచ్చింది.
"నువ్వే నడుపుకోమ్మా,
నాకు ఆ మౌసు పట్టుకోడం కూడా రాదు."
అలా ఓనర్నయ్యాను.
"పైకొచ్చావే" అంటుంటారు చుట్టాలు.
ఏ మెట్లెక్కి వచ్చానో
నేను చెప్పను, వాళ్ళడగరు.

మొన్న కార్తీకంలో పెదకాకాని నించి ఒకావిడ వచ్చింది,
కూతురి పెళ్ళికార్డుకి.
గీచి గీచి బేరమాడింది. తగ్గించాను.
లేవబోతూ అంది:
"మా ఏడుకొండలు ఫ్లెక్సీ చేసింది మీరేనమ్మా.
యార్డులో బస్తాలు మోసేవాడు, నీలం చొక్కా."
గుర్తు రాలేదు.
ఆ ఏడు నీలం చొక్కాలు ఎన్నని.
"భుజం మీద చెయ్యి ఉండిపోయింది చూడండి,
నాలుగు వేళ్ళు, ఒక ఎర్ర గాజు..."

క్షమించమన్నాను. కరెంటు పోతూ వస్తూ,
వెనక ఇంకా ఇరవై మంది, తొందరలో...

"నాదేనండి ఆ చెయ్యి.
ఫ్లెక్సీ పారెయ్యలేదు, వంటింటి రేకుల మీద కప్పాం.
ఎంత వానకైనా చుక్క కారదు."

సాయంత్రం కార్డు కూర్చాను.
ఆహ్వానించువారు దగ్గర ఆయన పేరుకి ముందు
అలవాటుగా 'కీ.శే.' వేసి పంపాను.
వద్దంది. తీసేశాను.
రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ ఫోన్ చేసి,
పోనీలెండి, ఉంచెయ్యండి, అంది.