తెర కుడి మూల

వార్తలప్పుడు తెర కుడి మూలన
పోస్టుకార్డంత గడిలో నిలబడి
చేతులతో మాట్లాడేది నేనే.
పదకొండేళ్ళుగా.
వినపడనివాళ్ళకు తప్ప నేనెవరికీ తెలీదు.
వాళ్ళకూ పేరు కాదు, ఒక సైగ:
చెంప మీద వేలితో చిన్న చుక్క,
నా పుట్టుమచ్చ.

పెద్దాయన కనిపించక నలభై ఒక్క రోజులు.
బులెటిన్ మారదు.
"స్వల్పంగా జలుబు. ఫైళ్ళు చూస్తున్నారు. ఆకలి బావుంది."
నలభై ఒక్క రోజుల జలుబు!
రొట్టెల కొట్టు క్యూలో ముక్కులు చీదుతూ జనం నవ్వుతారు,
నవ్వి, వెనక ఎవరున్నారో చూసుకుంటారు.

ఊరంతా డాక్టర్లయిపోయింది.
నిన్నటి ఫోటోలో గడియారం కుడిచేతికి ఉందని ఒకరు.
కిటికీ అవతల పోప్లార్ చెట్టుకి ఇంకా ఆకులున్నాయే,
ఇది నవంబరు కదా అని మరొకరు.
సైనిక ఆసుపత్రి మూడో అంతస్తులో
దీపం ఆరడం లేదని పాలమ్మే జుమాగుల్.
ఆక్సిజన్ సిలిండర్లు మోసిన బావమరిది
ప్రతి టాక్సీ డ్రైవరుకీ ఒకడున్నాడు.
మా అత్త రెండు బస్తాల చక్కెర కొని మంచం కింద తోసింది.
ఎందుకంటే, "జలుబుకి" అంటుంది.

మా సైగల భాషలో ఒక చిక్కుంది.
చేతులు ఏం చెప్పినా
కనుబొమలు పైకి లేస్తే అది ప్రశ్న.
బాగున్నారు.
బాగున్నారా.
ఒక్క దీర్ఘం తేడా.
అది నా నుదుటి మీద ఉంటుంది.

ఆ మంగళవారం లేచాయి. నేను లేపలేదు.

మర్నాడు, ట్రాలీబస్ స్టాపు పక్కన బూట్లు కుట్టే తెమిర్‌కుల్
మేకులు పళ్ళ మధ్య అలాగే ఉంచుకుని
చేతులు తుడుచుకుని అడిగాడు:
"ఆయన బాగున్నాడా అని నన్నడుగుతావేం?
నాకేం తెలుసు పిల్లా?"

స్టూడియోలోనూ ఎవరో కనిపెట్టారు.
మందలించలేదు. మేకప్ గదిలో కూర్చోబెట్టి
జుట్టు ముందుకు దువ్వి
కనుబొమలు కప్పేలా కత్తిరించారు.
"వయసు తగ్గింది నీకు" అంది కత్తెర పట్టుకున్నావిడ,
అద్దంలో నా వైపు చూడకుండా.

నలభై ఎనిమిదో రోజున ఆయన్ని చూపించారు.
పొడవాటి బల్ల. మంత్రులు. మరీ ఎక్కువ పువ్వులు.
మాటలు వినిపించకుండా పైన వయొలిన్లు.
పందొమ్మిది సెకన్లు.
పెదాలు కదిలాయి. దేశం ఊపిరి పీల్చుకుంది:
చూశారా, మాట్లాడుతున్నారు!
మాటల్లేవు గనక నాకు పని లేదు.
నా గడిలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వయొలిన్లు చెవులున్నవాళ్ళకే అడ్డం.

మూడు రోజులు తెమిర్‌కుల్ ముందు బారు తీరారు
చిరగని బూట్లు పట్టుకుని.
కాగితం మీద రాసి అడిగేవాళ్ళు,
బూటులో నోటు మడిచి పెట్టేవాళ్ళు,
తోలు కోటు వేసుకుని ఏమీ అడగకుండా నిలుచున్నవాడొకడు.
అందరికీ ఒకే జవాబు రాసిచ్చాడు:
"పంటల గురించి."

నాకు మాత్రం, దుకాణం రేకు సగం దించి,
చేతులు ఒళ్ళోనే దాచుకుని, మెల్లగా చెప్పాడు.
"నా బూట్లేవి, అన్నాడు.
రెండుసార్లు. పక్కనున్నవాడు నవ్వుతూ పేజీ తిప్పాడు.
మూడోసారి,
అమ్మని అడిగినట్టు అడిగాడు."

తమ్ముణ్ణి ఆయన జైల్లో పోగొట్టుకున్నవాడు తెమిర్‌కుల్.
ఇరవై ఆరేళ్ళుగా ఆ పేరుకి
ఉమ్ముతున్నట్టుండే సైగ వాడినవాడు.
నోట్లోంచి ఒక మేకు తీశాడు,
కొట్టలేదు,
అలా పట్టుకుని కూర్చున్నాడు.

ఇవాళా బులెటిన్ వచ్చింది.
స్వల్పంగా జలుబు. ఆకలి బావుంది.
నుదుటి మీద వెంట్రుక కదలకుండా చెప్పేశాను.
గడి నా నడుము దగ్గర తెగిపోతుంది.
కింద, స్టూడియో చల్లటి నేల మీద
బూట్లు విప్పి పక్కన పెట్టిన సంగతి
తెర మీదికి రాదు.