పసుపు పద్దు

కార్వాన్‌లో ఆ ఇంటికి నేను పోయింది
దినాలయిన మర్నాడు.
కలం, సిరాబుడ్డి, పంచాయతీ పెద్దల చీటీ.
పేరిందేవమ్మకు పిల్లల్లేరు,
మొగుడు పోయి ఇరవై రెండేండ్లు.
ఉన్నది రాయాలి.

రాశాను.
రాగి గంగాళం ఒకటి, అడుగున రెండు మాట్లు.
తిరగలి. జల్లెడ, అంచు కుట్టినది.
దిండు గలీబులో ముత్యాలు నాలుగు,
ఒకటి మసకబారింది.

"గంగాళం హుసేనీబీకి అన్నది," అని
పాలమ్మే మల్కమ్మ అడ్డం వచ్చింది.
"పదేండ్లు నీళ్లు మోసింది గద ఆమె."
నోటిమాటకు సాక్షి ఎవరన్నాడు
కోస్గి నుంచి దిగిన మరిది కొడుకు నర్సప్ప.
"నేనున్న. నా బర్రె ఉన్నది. అప్పుడు పాలు పిండుతున్న."
పెద్దలు నవ్వు ఆపుకోలేకపోయారు.
గంగాళం హుసేనీబీ గడప దాటింది.

ఆపైన వంటింటి గోడ.
ఆమెకు అక్షరం రాదు.
ఇచ్చిన అప్పులన్నీ బొగ్గుతో అక్కడే:
చేప పక్కన అయిదు గీతలు,
దర్జీ బడేమియా కత్తెర కింద తొమ్మిది,
చాకలి సాయన్న గాడిదకు
ఎన్నో లెక్క తెగలేదు, తోక కలిసిపోయింది.
కొన్నిటి మీద పసుపు వేలిముద్ర.

"పోనీ అనుకున్నవి అవి," అన్నది మల్కమ్మ.
"జ్వరంలో లేచి, గోడ పట్టుకొని,
ఒక్కొక్కటే అద్దింది."
"వంట చేసిన చెయ్యి తుడుచుకుంది," అన్నాడు నర్సప్ప.
మూసీ మీద పొద్దు వాలేదాకా
పెద్దలు మీసాలు నిమిరారు.
గీత ఉంటే బాకీ ఉన్నట్టే, అన్నారు.
పసుపు సంగతి కాగితానికి అక్కర్లేదు.

ఎక్కిస్తూ పోయాను.
అటక కింద, పొగచూరిన మూల,
ఒక కలం బొమ్మ.
మా నాయనది.
ఏడు గీతలు.
దీపం దగ్గరికి జరిపి మళ్లీ చూశాను.
పసుపు లేదు.
నా మోచేతి పక్కనే పసుపు భరిణె,
మూత తీసే ఉంది.
ఎవరూ ఇటు చూడడం లేదు.

ఏడు రూపాయలు అని రాశాను,
మా ఇంటిపేరు కిందే.

ఇల్లు అమ్మకానికి పెట్టి
నర్సప్ప సున్నం కొట్టించాడు.
మొదటి రూపాయ కట్టడానికి నేను పోయేసరికి
గోడ ఇంకా తడిగా ఉంది.
చేప మాసింది, కత్తెర మాసింది.
ఆమె వేలు తగిలిన చోటల్లా
సున్నంలోంచి ఎరుపు లేచింది.
రెండో పూత వేశారట. ఇంకా చిక్కనయింది.
బొట్టు చెరిపిన ఇంట్లో
పదమూడు చోట్ల.

పెద్దలు వచ్చారు, నిలబడ్డారు.
ఒకాయన కండువా సర్దుకొని
కాగితం ఇటు తెమ్మన్నాడు.
పదమూడు పేర్లు కొట్టేశాను.
మల్కమ్మ ఏమీ అనలేదు,
చెంబు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

నా మూల తెల్లగానే ఉంది.
రూపాయ తీసి నర్సప్ప అరచేతిలో పెట్టాను.
గచ్చు మీద మోగించి చూసుకున్నాడు.
ఇంకా ఆరు.