తిరగేసే పరుపు

ఒగ పక్క గట్టి, ఒగ పక్క మెత్తన.
అంగడి పిల్లోడు పిడికిలితో గుద్ది సూపిస్తాండాడు:
"ఈ మొగం అక్కకు, ఆ మొగం అన్నకు.
మూణ్ణెల్లకోసారి తిరగేస్తే సాలు,
పదేండ్లు గ్యారంటీ."

ఇరవై రెండు వేలు.
నేను కండక్టర్ని. నోటు సేతికి రాకముందే
సిల్లర ఎంతియ్యాల్నో తేలిపోతాది నాకు.
పదేండ్లంటే మూడు వేల ఆర్నూట యాభై రాత్రులు.
రాత్రికి ఆరు రూపాయలు.
ఆరు రూపాయలకు
ఆదోని బస్టాండు గేటు గూడా దాటదు ఏ బస్సూ.
అగ్గవే అనిపిస్తాది.

ఎమ్మిగనూరు రోడ్డులో గుంతలన్నీ
నా నడుములోనే దాసిపెట్టుకున్యా.
డాక్టరు ఎక్స్‌రే తీసి కిటికీకి ఆనించి
ఈడ, ఈ రెండెముకల నడమ, అని పెన్నుతో తట్టి
గట్టి పక్క మింద పండుకోమన్యాడు.
పకీరయ్యకేమో జిన్నింగు మిల్లులో రాత్రి కాపలా,
తెల్లార్లూ ఇనుప కుర్సీ.
ఇంటికొచ్చి ఒరిగితే మెత్తగుండాల,
లేకుంటే ఎముకలు గలగలమంటాయంటాడు.

మాది ఒగటే మంచం.
నేను నాలుగున్నరకు లేస్తా,
ఆయప్ప ఆరుకు వాలతాడు.
నడమ గంటన్నర మంచానికి సెలవు.
ఆ గంటన్నరలో నా ఎచ్చన ఆరిపోతాది.

అంటే పొద్దున ఆయప్ప కోసం మెత్తని మొగం పైకి,
రాత్రి నా కోసం గట్టి మొగం పైకి.
మూణ్ణెల్లకోసారి కాదు నాయనా,
మా ఇంట్లో దినానికి రెండుసార్లు తిప్పాల, అన్యా.
పిల్లోడు నవ్వినాడు.
"ఒగరితో కాదక్కా, ముప్పై ఐదు కేజీలు.
సెరో పక్క ఇద్దరు పట్టుకోవాల."

ఇద్దరు.
ఆడ ఆగిపోయింది నా లెక్క.

మా మామ మౌలాలి దూదేకిన మనిషి.
విల్లు ఇంగా అటక మిందే ఉంది, నరం తెగి.
టంయ్ టంయ్‌మని అది మోగితే
ఈదిలో పిల్లోళ్లు మీసాలకు దూది అంటించుకోనీకె ఉరికొచ్చేటోళ్లంట.
ఇట్ల రెండు మొగాల పరుపంట మామా, అంటే
పండ్లు లేని నోటితో శాన్సేపు నవ్వినాడు.
"ఒగ మొగం పరుపు యాడుందిమే?
మిద్దె మింద ఎండకేసి, కట్టెతో సావగొట్టి,
తిరగేసి మళ్లా ఎండకేసేటోళ్లం.
దూది గడ్డకడితే కుట్లు ఇప్పి
మళ్లా ఏకి ఇస్తే కొత్తది.
గ్యారంటీ అంటే నేనే, కాగితం గాదు."
అని, రొంతసేపుండి,
"ఊరి నిండా పత్తి బేళ్లు,
మనింట్లోకి స్పాంజి" అన్యాడు.
కోపంగా గాదు. ఏదో ధర సెప్పినట్ల.

గది జేనలతో కొల్సినా.
పరుపు నిలబెడితే బీరువా తలుపు తెర్సుకోదు.
బీరువా జరిపితే స్టవ్వు బయటికి పోవాల.
ఒగరు మంచమెక్కి, ఒగరు వాకిట్లో నిలబడి
ఎత్తు ఎత్తు, దించు దించు అని అరుసుకుంటే
ఎట్లో తిరుగుతాది.
పక్కింటి మస్తానమ్మ సూసి నవ్వుతాది, నవ్వనీ.

ఎప్పుడు తిరుగుతాది అనేదే తెలీదు.
నా వారం సెలవు బుధవారం.
మిల్లు మూసేది అమాసకు.
క్యాలెండరు ఒగ్గో కాయితమే తిరగేసినా,
వెనక్కి, ముందుకి.
బుధవారం అమాస పడేది
యాడాదికి ఒగటో, రెండో.
పోయినది ఎప్పుడు పోయిందో,
ఆ పొద్దు ఏం తిన్యామో గూడా గెప్తిలేదు.
వచ్చేది కార్తీకంలో ఉంది.
పెన్నుతో గీత కొడతాంటే
మంచం మింద పకీరయ్య నిద్దట్లోనే అటు నుండి ఇటు తిరిగినాడు.
పాత పరుపు మాత్రం ఉన్నట్లే ఉంది.

ఐదొందలు అడ్వాన్సు కట్టినా.
తెచ్చేది ఎప్పుడక్కా అంటే
కార్తీకంలో ఆ బుధవారం రాయమన్యా.
పిల్లోడు నన్ను ఎగాదిగా సూసినాడు:
"అంత దూరమా? సరే.
తెచ్చి ఏసేటప్పుడు ఏ మొగం పైకి పెట్టాల?"

అది ఆ పొద్దు
ఇద్దరం కొట్లాడుకుంటాం లే,
నువ్వు రసీదు రాయి.