రాని దెబ్బ

చాలిస్ ఊళ్లో ఆర్లిస్ కొట్టు.
గాజు బల్ల మీద నాలుగు తూటాలు నిలబెట్టాడు,
ఇత్తడి ఒంటికి రాగి ముక్కులు.
రెండొందల డెబ్బై. మూడొందల ఎనిమిది.
సెవెన్ ఎమ్మెమ్ ఓ ఎయిట్, పొట్టిది, అణకువగా.
చివర్న మూడొందల మాగ్నమ్,
పెత్తనానికొచ్చిన పెద్దమనిషిలా ఛాతీ విరుచుకుని.

"ఎల్క్ అంటే మాటలా, మూడొందల కిలోల మొండిఘటం,
పెద్దదే కావాలి" అన్నాడు
గాలపు ముళ్లు కొనడానికొచ్చిన కుర్రాడు.
మీసమింకా రాలేదు, లెక్కలు మాత్రం వచ్చు:
ఎన్ని గజాలకి తూటా ఎన్ని అంగుళాలు దిగుతుందో,
ఎంత దెబ్బకి ఎంత ఎముక విరుగుతుందో.
విన్నాను.
చలికాలమంతా కొండదారిలో మంచు తోసే బండి నడిపేదాన్ని,
బరువంటే నాకు జంకు లేదని ఊరంతా అనుకుంటుంది.

మా అన్న లాయిడ్ మాగ్నమ్ ఇంట్లోనే ఉంది.
వాడు పోయాక నా వాటాకొచ్చింది అదొక్కటే.
నిరుడు దాంతోనే కొట్టాను.
ఎక్కడ తగిలిందో ఆర్లిస్‌కి చెప్పలేదు.
మూడు కాళ్ల మీద అది ఫర్ చెట్ల చీకట్లోకి దిగిన సంగతీ,
మంచు మీద ఎర్రచుక్కలు చిన్నవై, ఇంకా చిన్నవై
ఆగిపోయిన చోట నేనూ ఆగిపోయిన సంగతీ,
మూడో రోజు కాకులు చూపించిన సంగతీ.

అతను అడగనూ లేదు. సొరుగు ధడాలున మూశాడు.
నా రెప్పలు కొట్టుకోవడం చూశాడు.
"పద" అన్నాడు, "వెనకాల మట్టిదిబ్బ దగ్గరికి. అన్న తుపాకీ తీసుకురా."

విరిగి అతుక్కున్న జబ్బ ఎముక మీద
దాని మడమ పాత అప్పులవాడిలా కూర్చుంది.
తూటాలు తనే పెట్టి ఇచ్చాడు, నన్ను చూడనివ్వకుండా.
ఒకటి పేలింది. దవడ దాకా తన్నింది.
రెండోది,
టిక్.
లోపలున్నది ఖాళీ గుల్ల.
కానీ గొట్టం గబుక్కున నేలకేసి దూకింది,
నా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి,
పళ్లు పళ్లని కరుచుకుని ఉన్నాయి
రాని దెబ్బకి.

నది మీంచి గాలొచ్చి కాగితం గురిని టపటపలాడించింది.
ఆర్లిస్ చెవుల మీది డిప్పలు తీసి
చొక్కాకి తుడుస్తూ నిలబడ్డాడు, చాలాసేపు.
"తప్పు తుపాకీది కాదు కదా" అన్నాను.
"నీదీ కాదు. పొత్తు కుదర్లేదు."

పొట్టిదాంతో ఇరవై కాల్చాను.
మధ్యలో రెండుసార్లు గుల్లలు పెట్టాడు, దొంగ.
మొదటిసారి గొట్టం కాస్త వణికింది.
రెండోసారి టిక్ తర్వాత కూడా
అవతలి నల్లచుక్కని చూస్తూనే ఉన్నాను.

"ఎంత దూరం నుంచి కొడతావు?"
"రెండొందల గజాలు. అంతకు మించితే
కూర్చుని చూస్తాను. చూసి ఇంటికొస్తాను."
"ఉత్త చేతుల్తోనా?"
"ఫ్రీజర్‌లో ట్రౌట్ చేపలున్నాయిలే."

కొట్లోకి తిరిగొచ్చేసరికి కుర్రాడింకా అక్కడే,
మాగ్నమ్ తూటాని అరచేతిలో తూస్తూ.
ఆర్లిస్ నా చిల్లర లోపల వేసి
సొరుగు మళ్లీ ధడాలున మూశాడు.
ఈసారి కుర్రాడి రెప్పలు.