విడదీసి రాయండి

జనవరి. అడిలైడ్‌లో నలభై మూడు డిగ్రీలు.
ఉత్తరం నుంచి ఎడారి ఊదుతోంది.
మూడో అంతస్తులో, ఏసీ మూలుగు కింద
నేను రెండు జీవుల సంధి చూస్తున్నాను.

చూస్తున్నానంటే అబద్ధం.
ఇక్కడేదీ కంటికి ఆనదు.
పళ్ళెంలో మచ్చలు చూసి కథ అల్లుకోవాలి,
పొద్దున్నే ఎంగిలి గ్లాసులు లెక్కపెట్టి
రాత్రి ఎవరొచ్చిపోయారో చెప్పినట్టు.

వైరస్ బాక్టీరియా గోడమీద వాలుతుంది.
ఒళ్ళు బయటే వదిలేసి
నలభై ఎనిమిది వేల అక్షరాల పోగు మాత్రం
లోపలికి జారుస్తుంది.
పోగు కొసలు రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుని
గాజులా మూసుకుంటాయి.
ఇక తేలాల్సింది ఒక్కటే:
ఈ ఇంటిని బద్దలుకొట్టి వందమందై పోవడమా,
ఉండిపోవడమా.
వ్యాకరణంలో దీన్ని వైకల్పికం అంటాం.

ఉండిపోయేదైతే
ఇంటిగ్రేజ్ అనే ప్రోటీన్ ఆ గాజును పట్టుకుని
నలభై ఆరు లక్షల అక్షరాల్లో
ఒకే ఒక్క చోటు తడుముతుంది.
ఇద్దరిలోనూ అచ్చు గుద్దినట్టున్న పదిహేను అక్షరాలు.
అక్కడ ఇద్దర్నీ కోసి,
కొసలు మార్చి,
అతికిస్తుంది.
చిన్న గాజు విప్పుకుని పెద్ద గాజులో కలుస్తుంది.

మన సంధుల్లో ఒక అచ్చు పోతుంది.
ఇక్కడ ఏదీ పోదు.
కొంచెం ఈర్ష్యగానే ఉంటుంది నాకు.

తర్వాత నిశ్శబ్దం.
బాక్టీరియా రెండైనప్పుడల్లా
తన నకలుతో పాటు దాని నకలూ రాసుకుంటుంది,
ఏది తనదో అడక్కుండా.

"మనలాగే కదా, వలసొచ్చినవాళ్ళలాగా?"
అంది డెస్పినా, అగార్ పోస్తూ.
"కాదు. నన్ను పదిహేను అక్షరాలు చూసి ఎవరు రానిచ్చారు?
నలభై పేజీల ఫారం నింపాను."
ఆమె నవ్విన నవ్వుకి రెండు పళ్ళేలు పాడయ్యాయి.

శనివారం ప్రాస్పెక్ట్‌లో, హాలు అద్దెకు తీసుకుని, తెలుగు బడి.
బోర్డు మీద రాశాను: విడదీసి రాయండి. మేనత్త.
తొమ్మిదేళ్ళ ఇహిత చకచకా రాసి చూపించింది.
మే + నత్త.
"మే నెలలో వచ్చే నత్త, టీచర్."
క్లాసంతా గొల్లుమంది.
నేను ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టి
అలాగే చూస్తూ ఉండిపోయాను.
మేన దగ్గరుండాల్సిన 'న'
అత్త వెంట వెళ్ళిపోయింది.

సోమవారం గొట్టాన్ని అతినీల దీపం కింద పెట్టాం.
ఇల్లు కాలుతోందని నిద్రపోతున్నదానికి తెలుస్తుంది.
లేస్తుంది. చాలావరకు
అతుక్కున్న చోటే సరిగ్గా విడిపడి పోతుంది.
ఏ లక్షకో ఒకటి
తప్పు చోట కోసుకుంటుంది.
పక్కింటి జన్యువు, పాలచక్కెరను అరిగించేది,
వెంట తీసుకుపోతుంది,
తనది కొంత అక్కడే మరిచిపోయి.
ఆ జన్యువు లేని మరో ఇంట్లో దిగుతుంది.

బుధవారం పొద్దున పాలిపోయిన చుక్కల మధ్య
ఒక్క చుక్క ఎర్రగా.
నిన్నటిదాకా అరగని చక్కెర
దానికి అరిగింది.

మూతమీద నెంబరు వెయ్యాలి.
నత్త, అని రాశాను.

డెస్పినా ఆ అక్షరాల్ని దీపానికెత్తి తిప్పి చూసింది.
అర్థం చెప్పాను.
"మా తమ్ముడి బార్లీ పొలం చూడాలి నువ్వు,
యార్క్ ద్వీపకల్పంలో.
వేసవంతా కంచె గుంజలకి తెల్లటి నత్తలు,
వేలకి వేలు, గుల్ల మూసుకుని,
చచ్చాయనుకుంటావు.
వాన పడ్డాక ఒక్కొక్కటే దిగుతాయి."

"ఎప్పుడు పడుతుంది వాన?"

"చెప్పలేం.
ఏప్రిల్ చివర్లో. ఎక్కువగా మేలో."

ఇహిత నోటుబుక్కు
శనివారం మళ్ళీ అడిగి తీసుకోవాలి.