బొడ్లో చీటీ

పొదలకూరులో బస్సు కదిలిందో లేదో
అడగడం మొదలుపెట్టావు తిరుపాలూ,
ఆ ప్లీడరమ్మ గట్టిదేనా, గెలిపిస్తుందా అని.

గెలుపు సంగతి నాకు తెలీదు.
నా కేసే ఇంకా తేలలా.
ఆమె పేరు కృపావతి.
మూలపేటలో మేడమెట్ల కింద గది,
కిర్రుమనే ఫ్యాను,
గోడకు రెండు క్యాలెండర్లు, ఒకటి చర్చిది, ఒకటి కోర్టుది.
రెండోదాన్నే ఎక్కువ చూస్తుంది.

మొదటిసారి పోయినప్పుడు
ఒట్టి చేతులతో ఏం బాగుంటుందని
తోటలో కాయ ఒక గోతం మోసుకుపోయా.
అందులో కిలో మాత్రం తీసుకుని
ఆ రోజు యార్డు ధర ఎంతని అడిగి
డబ్బు చేతిలో పెట్టి
రసీదు రాయమంది.
కిలో నిమ్మకాయలకు రసీదేందమ్మా అన్నా.
"ఇట్టా రాయడం అలవాటుంటే
నువ్వు నా గడప తొక్కేవాడివే కాదు" అంది.
ఆ మాటకు నాకు కాలింది.
మిగిలిన కాయ బస్టాండులో సోడాబండోడికి పోసి ఇంటికొచ్చా.

అయినా మళ్ళీ పోయా. చెక్కు మూడు లక్షలు గదా.
యార్డులో మాలకొండయ్య నా కాయకిచ్చింది,
ఖాతాలో దుమ్ము కూడా లేదని బ్యాంకు తిప్పికొట్టింది.
ఇంతేనా కథ, అంది.
ఇంతేనమ్మా.
చెక్కిచ్చాక మధ్యలో ఏమన్నా ముట్టిందా?
లేదన్నా.
కాగితాలు సర్దుతా మళ్ళీ అదే అడిగింది.
లేదన్నా, ఈసారి కొంచెం గట్టిగా.
నోటీసు టైపయ్యాక, రేపు పోస్టులో వేస్తానంటా
మూడోసారి అడిగింది.
నేను ఫ్యాను వైపు చూశా.

ముట్టింది తిరుపాలూ.
నలభై వేలు.
చిన్నదాని కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజున
మాలకొండయ్య తమ్ముడు గట్టు మీదికొచ్చి
ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చిపోయాడు.
సాక్షి ఎవరూ లేరు, నిమ్మముళ్ళు తప్ప.
ముళ్ళు బోనెక్కవు గదా అనుకున్నా.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా.
వైద్యుడి కాడ, వకీలు కాడ దాచొద్దని
మా నాయన అనేవాడు.
ఆయన మాత్రం ఇద్దరి కాడా దాచే పోయాడు.
ఆమంచర్ల రాగానే దిగేశా.
టికెట్టు ఇంకా ఉందయ్యా అని కండక్టరు అరుస్తున్నా
రోడ్డు దాటి, ఎదురొచ్చే బస్సెక్కా.

ఆమె తాళం వేస్తా ఉండింది.
గడప బయటే చెప్పేశా.
తిట్టింది, పక్కింటోళ్ళు తలుపు తీసేంతగా.
తర్వాత గొంతు తగ్గించి,
"నీ పక్కన నిలబడాలంటే
నా కాళ్ళ కింద నేలో బురదో
నాకు తెలియబళ్ళా?" అంది.
టైపు చేసిన నోటీసు నాలుగు ముక్కలు చేసింది.
మరుసటి రోజు చెక్కు వెనక
నలభై వేలు ముట్టినట్టు రాయించి
మళ్ళీ బ్యాంకులో వేయించింది.
చెక్కు గడువుకు ఇంకా పదకొండు రోజులుండాయి.
పన్నెండు రోజులు ఆలస్యంగా దిగుంటే ఆమంచర్లలో?
అది నేనడగలా, ఆమె చెప్పలా.

ఆమె కూడా దేవతేం కాదులే.
ఓసారి వాయిదా మారిందని చెప్పడం మరిచింది.
కోత కూలీలను వద్దని పోయి
కోర్టు వరండాలో పొద్దుగూకేదాకా కూర్చున్నా.
ఆ రోజు అరిచింది నేను.
నల్లకోటు చేతికి వేలాడేసుకుని
అడ్డం రాకుండా వింది.
అప్పట్నుంచి వాయిదాకు ముందురాత్రి
గుమస్తా షఫీ తప్పకుండా ఫోను చేస్తాడు.
ఆదివారం పొద్దున నేను ఫోను చెయ్యను.
కాయ అమ్మినప్పుడల్లా ఫీజు ఇంతని ఇస్తా,
రసీదు అడిగి మరీ తీసుకుంటా.
ఇద్దరం నవ్వుకుంటాం ఆ రసీదు కాడ.

నెల్లూరొచ్చింది, దిగు.
పొద్దుట్నుంచీ చూస్తుండా,
నీ బోరుబావి సంగతి మాట్లాడినప్పుడల్లా
నీ చెయ్యి బొడ్డు కాడికి పోతావుంది.
పంచె మడతలో ఆ చీటీ ఏందో
నేనడగను.
అడిగేది నేను కాదు.
మెట్ల కింద గది అదిగో.
నువ్వు పో లోపలికి,
నేనీడ టీ తాగుతా ఉంటా.
బిన్నా రాబాకు.