అరుగుదల

నలభై ఏళ్లుగా మనుషుల్ని కిందినుంచి చదువుతున్నాను.
పోర్తోలో, నదికి దిగే మెట్లవీధి మలుపులో నా కొట్టు,
గుమ్మం కంటే పనిబల్లే పెద్దది.
ఎర్మెలిందా గారి మడమ బయటివైపు అరుగుతుంది:
బరువు సంచీ ఎప్పుడూ కుడిచేతిదే.
ట్రాము నడిపే బెల్మీరోకి ఎడమ బూటు ముందుభాగం,
గంట తొక్కీ తొక్కీ.
ఒక పెళ్లికొడుకు కొత్త జోడు తెచ్చి కాస్త వదులు చేయమన్నాడు.
బిగుతు బూటులో లేదని తెలుసు. ఊరుకున్నాను.

అడుగు చూసి మనిషిని చెప్పేస్తాడని
పేటంతా నాకు పేరు.

ఫైష్కాకి చెప్పుల్లేవు.
చెప్పు లేనిది ఏం చెబుతుంది?

ఫైష్కా అంటే మా భాషలో నిప్పురవ్వ.
పదకొండేళ్లుగా నా బల్ల కింద, తోలుముక్కల మీద దాని పడక.
మొదట బెంచీ మీదికి ఎగరడం మానేసింది.
మే నెల, నేల చల్లగా ఉంది కదా అనుకున్నాను.
తర్వాత నిద్ర లేచి అలాగే నిలబడిపోయేది,
ఎందుకు లేచిందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.
ముందుకాళ్లు లేచేవి,
వెనకవాటికి కబురు ఆలస్యంగా అందేది.
ముసలితనం, అన్నాను.
ఎంత సుఖమైన మాట!
అందులో వేసి మూత పెడితే ఇక దేన్నీ చూడక్కర్లేదు.

నున్నటి పలకల నేల వస్తే గోడవారన చుట్టూ తిరిగి వెళ్లేది.
మెట్ల మీద వెనకకాళ్లు రెండూ కలిపి
కుందేలులా గెంతేది. వీధిపిల్లలు నవ్వారు.
నేనూ నవ్వాను.
ఈ మాట కొట్టేయను, ఉండనీ.

గిన్నెలో సగం నిలబడి, మిగతా సగం కూర్చుని.
ఒకే మోకాలిని రాత్రంతా నాకుతుంటే
పురుగు కుట్టిందేమోనని దీపం పట్టి వెతికాను.
నడుము మీద చెయ్యి వేస్తే పళ్లు చూపించలేదు,
తల తిప్పి నా చేతినే చూసింది,
ఇది ఎవరిది అన్నట్టు.

నవంబరులో వాన. తడిసిన కాళ్లు తుడుస్తూ
పాదం తిరగేశాను.
వెనక కుడికాలి నడిమి గోళ్లు రెండూ
పైనుంచి అరిగి ఉన్నాయి, చదునుగా,
సానరాయికి పట్టినట్టు.
ఈడ్చిన అడుగు. నాకొచ్చిన లిపి.
ఏ కస్టమరైనా తెచ్చి బల్ల మీద పెట్టుంటే
అరనిమిషంలో చదివేసేవాణ్ణి.

డాక్టర్ లుర్దెష్ రెండు తొడలనీ రెండు చేతుల్తో పట్టి చూసింది.
"ఇది సన్నబడిపోయింది. ఎన్నాళ్లుగా?"
బెంచీ, పలకలు, కుందేలు... వేళ్లు మడిచాను.
"మే నుంచి."
"అరవవు ఇవి," అంది మందు రాస్తూ,
"ఒక్కో పనీ మానేస్తాయంతే.
కాస్త బరువు తగ్గించండి. మెట్లకి జారనిదేదైనా వెయ్యండి."

ఆ రాత్రి మిగిలిన రబ్బరు షీటు కోసి
మా ఇంటి పదిహేడు మెట్లకీ అంటించాను.
జిగురు ఆరాలి కదా,
అంచుల మీద అడుగేస్తూ ఎత్తుకునే ఎక్కాను,
ఇరవై రెండు కిలోల నిప్పురవ్వని.

పైకొచ్చి బూట్లు విప్పాను.
బూట్లు కుట్టేవాడి బూట్లు ఎవడు చూస్తాడు?
ఎడమది, బయటి అంచు, దాని తాడు పట్టుకునే వైపు:
ఒరిగి ఒరిగి, ఆగి ఆగి
వేసిన పొట్టి అడుగుల అరుగుదల.
పాతది కాదు. ఈ ఏడాదిదే.

ఈ కాలికి తెలుసన్నమాట, మే నుంచే.

కొత్త సోలు వేయలేదింకా.